పెద్దజాతి కావలికుక్కలు: వాటి ఆయుర్దాయమును తగ్గించు జబ్బులు

తోట కావలికి, గొఱ్ఱెలమంద వెంట తిరుగుటకు, ఇంటిముంగిట కట్టివేయుటకు పెద్దజాతి కుక్కలను కొనువారు మన పల్లెలలో నానాటికి ఎక్కువగుచున్నారు. జనగామ జిల్లాలో కోళ్ళఫారముల వద్ద, మహబూబాబాదు వైపు మిరపచేలలో, భూపాలపల్లి గనుల కాలనీలలో జర్మన్ షెపర్డు, లాబ్రడారు, డాబర్‌మన్, రాట్‌వీలర్, అక్కడక్కడ గ్రేట్‌డేన్ కుక్కలు కూడ కనబడుచున్నవి. వేలకు వేలు పోసి తెచ్చిన పిల్ల 4, 5 ఏండ్లకే చనిపోయినదని బాధపడు రైతులు కూడ అంతటను కనబడుచున్నారు. "మా ఊరకుక్క గంజినీళ్ళు త్రాగి పన్నెండేండ్లు బ్రతికినది. కోడిమాంసము పెట్టి పెంచిన దీనికేమి రోగము?" అని వారు అడుగుదురు.

ప్రశ్న సబబైనదే. దీనికి జవాబులో ఒక భాగము కుక్క పుట్టుకలోనే ఉన్నది. దానిని మనము మార్చలేము. రెండవ భాగము యజమాని చేతిలో ఉన్నది. 4 ఏండ్లకే చనిపోయిన కుక్కల సంగతి విచారించినచో, సాధారణముగా ఆ రెండవ భాగమే కారణమని తేలును.

పుట్టుకలో ఉన్న లోటు

ఏనుగు 60 ఏండ్లు బ్రతుకును, చుంచెలుక రెండు మూడేండ్లు బ్రతుకును. కనుక పెద్ద శరీరము గల జంతువునకు ఆయువు ఎక్కువని అనుకొందుము. జంతుజాతుల నడుమ ఇది చాలవరకు నిజమే. కాని ఒక్క కుక్కజాతిలోపల చూచినచో లెక్క తారుమారగును. చిన్న కుక్కలు 12 మొదలు 15 ఏండ్ల వరకు బ్రతుకును. జర్మన్ షెపర్డు సాధారణముగా 9 మొదలు 13 ఏండ్లు, గ్రేట్‌డేన్ 7 మొదలు 10 ఏండ్లు మాత్రమే బ్రతుకును. 2013లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 74 జాతుల కుక్కల మరణములను పరిశీలించిరి. శరీరపు బరువు సుమారు 2 కిలోలు పెరిగిన కొలది ఆయువు నెల చొప్పున తగ్గుచున్నదని లెక్క తేలినది. పెద్ద కుక్కలకు ముసలితనము త్వరగా ప్రారంభము కాదట. ప్రారంభమైన తరువాత అది వేగముగా ముదురునట.

దీనికి వేగపు పెరుగుదలయే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. ముఱ్ఱా దూడ పుట్టినప్పుడు సుమారు 30 కిలోలుండును. ఎదిగి 450 కిలోల గేదె అగుటకు మూడేండ్లకు పైగా పట్టును. అది 15 రెట్ల పెరుగుదల. గ్రేట్‌డేన్ పిల్ల పుట్టినప్పుడు అరకిలో, ముప్పాతిక కిలో ఉండును. ఏడాదిన్నరలో 50, 60 కిలోలకు వచ్చును. దూడకు ఇటువంటి పెరుగుదలను ఊహించి చూడుడు! ఎముకలు గట్టిపడక మునుపే బరువు వాటిపై పడును. కణములు అతివేగముగా విభజన చెందుటచే తప్పులు దొర్లి, కంతులు పుట్టుట కూడ ఈ పెద్దజాతులలో ఎక్కువ.

ఇది మన చేతిలో లేని సంగతి. ఇక మన చేతిలో ఉన్నవి చూతము.

పిడుదుల జ్వరము

మన ప్రాంతములో కుక్కల ఆయువును కోసివేయు వాటిలో దీనికే మొదటి పీట వేయవలెను. పిడుదులను కొన్నిచోట్ల గోమార్లు అందురు. కుక్కను పట్టు గోధుమరంగు పిడుదు రక్తము త్రాగి ఊరుకొనదు. ఎర్లిఖియా, బబీసియా అను సూక్ష్మజీవులను కుక్క నెత్తురులో విడుచును. మొదటిది తెల్లకణములలోను, రెండవది ఎఱ్ఱకణములలోను చేరి వాటిని పాడుచేయును.

కుక్కకు జ్వరము వచ్చి, తిండి మాని, మూల పండుకొనును. రెండు మూడు దినములకు అది లేచి తిరుగుటతో యజమాని దానిని మరచిపోవును. ఎర్లిఖియా జ్వరములో మోసమంతయు ఇక్కడనే ఉన్నది. జ్వరము తగ్గినను సూక్ష్మజీవి శరీరములో నెలల తరబడి దాగియుండును. తరువాత కుక్క చిక్కిపోవును, చిగుళ్ళు తెల్లబడును, ముక్కునుండి నెత్తురు కారును, పొట్ట చర్మముపై ఎఱ్ఱని చుక్కలు పొడసూపును. జర్మన్ షెపర్డులలో ఈ రెండవ దశ మిక్కిలి తీవ్రముగా వచ్చును. అప్పటికి ఎముకల మూలుగ కూడ దెబ్బతిని, మందు పనిచేయుట కష్టమగును. బబీసియాలో మూత్రము కాఫీడికాక్షను రంగులో వచ్చుట, కండ్లు పచ్చబడుట గమనింపవచ్చును.

కనుక ఒక అలవాటు చేసికొనుడు. వారమునకొకమారు కుక్క పెదవి ఎత్తి చిగుళ్ళు చూడుడు. అవి గులాబిరంగుగా ఉండవలెను. తెల్లగా, లేక పసుపుపచ్చగా ఉన్నచో ఆనాడే పశువైద్యశాలకు తీసికొనిపొండు. అక్కడ నెత్తురుచుక్కను పరీక్షించి ఏ సూక్ష్మజీవియో తేల్చవచ్చును. రెంటికి మందులు వేరు. ఎర్లిఖియాకు డాక్సీసైక్లిన్ మాత్రలను సుమారు నాలుగు వారములు వాడవలెను. నాలుగవ దినమున కుక్క తోక ఊపినదని మాత్రలు ఆపువారు ఆ కుక్కను మరల అదే జ్వరమునకు అప్పగించుచున్నారు.

పిడుదులను తొలగించుట విషయమై ఒక గట్టి హెచ్చరిక చేయవలసియున్నది. మిరపచేలకు, పత్తిచేలకు కొట్టగా మిగిలిన పురుగుమందును నీళ్ళలో కలిపి కుక్కకు పూయు అలవాటు కొందఱిలో ఉన్నది. కుక్క తన ఒంటిని నాకుకొనును. చర్మము గుండ కూడ విషము ఎక్కును. నోటివెంట చొంగ కారి, కండరములు అదిరి, ఊపిరాడక గంటలలో చనిపోవును. పిడుదులు చచ్చుట నిజమే గాని కుక్క కూడ వాటితో పోవును. పశువులకు పూయు మందులను కూడ మోతాదు తెలియక కుక్కకు వాడరాదు. కుక్కల కొఱకే చేసిన మెడపట్టీలు, మెడమీద వేయు చుక్కలమందు, మాత్రలు దొరకుచున్నవి. వైద్యుని అడిగి కుక్క బరువునుబట్టి వాడుడు.

కుక్క ఒంటిమీద కనబడునవి కొద్ది పిడుదులే. తక్కినవి గోడపగుళ్ళలో, కట్టెలకుప్పలో, పడుకొను గోనెసంచిలో ఉండును. ఒక్క ఆడపిడుదు వేలకొలది గ్రుడ్లు పెట్టును. కనుక గోడపగుళ్ళు పూడ్చి సున్నము కొట్టించి, గోనెను కాల్చివేయుడు. దీనికి పెద్దగా ఖర్చు లేదు.

కడుపు మెలిపడుట

పాలకుర్తి వైపు ఒక రైతు ఇంట జరిగిన సంగతి చెప్పెదను. పెండ్లి జరిగిన రాత్రి మిగిలిన అన్నము, మాంసము గ్రేట్‌డేన్ కుక్కకు కడుపునిండ పెట్టిరి. అది ఆత్రముగా తిని, నీళ్ళు త్రాగి, పిల్లలతో వాకిట పరుగులు తీసినది. అర్ధరాత్రికి దాని పొట్ట డోలువలె ఉబ్బినది. వాంతికి ప్రయత్నించును గాని నురుగు తప్ప ఏమియు రాలేదు. కుదురుగా పడుకొనలేక, మాటిమాటికి తన డొక్కవైపు తిరిగి చూచుకొన్నది. పశువులకు ఉబ్బరము వచ్చినప్పుడు నూనె పట్టుట వారికి తెలియును గనుక దీనికి కూడ నూనె పట్టిరి. తెల్లవారకముందే కుక్క చనిపోయినది.

ఆ ఇంటివారిని తప్పుపట్టుటకు లేదు. వారు తెలిసిన వైద్యమే చేసిరి. కాని ఎద్దు ఉబ్బరము వేరు, కుక్క ఉబ్బరము వేరు. ఛాతి లోతుగా ఉండు పెద్దజాతులలో జీర్ణాశయము గాలితో ఉబ్బి, ఊయలవలె ఊగి, తనచుట్టు తాను మెలిపడును. మెలి పడగానే పైద్వారము, క్రిందిద్వారము రెండును మూసికొనిపోవును. నెత్తురు ప్రసరణ ఆగును. ఇక నోట పోసిన నూనె లోపలికి పోదు, ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. వైద్యుడు మొదట గాలి తీసివేసి, వెంటనే శస్త్రచికిత్స చేసి, మెలి విప్పి, మరల తిరుగకుండ జీర్ణాశయమును పొట్టగోడకు కుట్టవలెను. దీనికి మందుమాత్రలతో చికిత్స లేదు. కొద్ది గంటలలో జరుగనిచో ఫలితము లేదు.

కనుక గ్రేట్‌డేన్, డాబర్‌మన్, జర్మన్ షెపర్డు పెంచువారు కుక్కలకు శస్త్రచికిత్స చేయు వైద్యశాల తమకు దగ్గఱలో ఎక్కడ ఉన్నదో ఆపద రాకముందే విచారించి ఉంచుకొనవలెను. వరంగల్లు దాపున మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నది. భూపాలపల్లి నుండి వరంగల్లు 60 కిలోమీటర్లకు పైగా ఉన్నది. మహాదేవపురము, కాళేశ్వరము వైపువారికి ఇంకను దూరము. అర్ధరాత్రి విచారణ మొదలుపెట్టినచో ఆ దూరము దాటుటకు సమయము మిగులదు.

మెలి రాకుండ చేయుట కొంతవరకు సాధ్యమే. దినపు తిండిని ఒకేమారు పెట్టక రెండు, మూడు భాగములు చేయుడు. తినుటకు ముందు, తరువాత ఒక గంట రెండు గంటలు పరుగెత్తనీయకుడు. ఆత్రముగా మ్రింగు కుక్క పళ్ళెములో, అది మ్రింగజాలనంత పెద్ద నున్నని రాయి ఒకటి ఉంచినచో రాయిచుట్టు నాకుచు నెమ్మదిగా తినును. మెడ నొప్పిపుట్టునని పళ్ళెమును ఎత్తైన పీటమీద పెట్టు ఆచారము పట్టణములలో ఉన్నది. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు 2000లో ప్రకటించిన పరిశోధనలో అట్లు పెట్టిన కుక్కలకే మెలి ఎక్కువగా వచ్చినట్లు తేలినది. పళ్ళెము నేలమీదనే ఉండనిండు.

తిండి, ఎముకలు

ఎక్కువ తిండి పెట్టుట ప్రేమ అని మనవారు తలచుచున్నారు. 1987లో అమెరికాలో 48 లాబ్రడారు పిల్లలను జంటలుగా చేసి, జంటలో ఒకదానికి రెండవదానికంటె నాలుగవ వంతు తక్కువ తిండి పెట్టుచు జీవితాంతము గమనించిరి. 2002లో ఫలితములు ప్రకటించిరి. ఎక్కువ తిన్నవాటిలో సగము 11 సంవత్సరముల 2 నెలలు దాటి బ్రతుకగా, తక్కువ తిన్నవాటిలో సగము 13 ఏండ్లు దాటి బ్రతికినవి. అనగా సుమారు రెండేండ్ల ఆయువు, ఖర్చు తగ్గించుకొనుటచే కలిసివచ్చినది! కీళ్ళవాతము కూడ వాటికి ఆలస్యముగా వచ్చినది. కుక్క ప్రక్కటెముకలమీద అరచేయి వేసి చూడుడు. నొక్కకయే ఎముకలు చేతికి తగులవలెను. తగులనిచో తిండి తగ్గించుడు.

పిల్లల విషయములో మరియొక పొరపాటు జరుగుచున్నది. ఎముక బలమునకని కాల్షియము మందులను, పాడిపశువులకు వేయు ఖనిజలవణ మిశ్రమమును కుక్కపిల్లకు పెట్టుచున్నారు. పెద్దజాతి పిల్ల పేగులు అక్కరకు మించిన కాల్షియమును ఆపలేవు; వచ్చినదంతయు పీల్చుకొనును. దానిచే ఎముకలు వంకరపోవును, కీళ్ళు సరిగా అమరవు. అట్లని వట్టి మక్కగటుక, మజ్జిగన్నముతో పెంచినను కుదరదు, మాంసకృత్తులు చాలవు. గ్రుడ్డు, పప్పు, ఉడికించిన కోడిమాంసము కలిపిన మితమైన తిండి, లేక పెద్దజాతి పిల్లల కొఱకే తయారైన దాణా చాలును. ఉడికిన కోడిఎముకలు చీలికలై పేగులను గ్రుచ్చును. ఉల్లిగడ్డ వేసిన కూర కుక్క నెత్తురును పాడుచేయును.

జర్మన్ షెపర్డు, లాబ్రడారు, రాట్‌వీలర్ జాతులలో తుంటికీలు వదులుగా పుట్టుట వంశపారంపర్యముగా వచ్చును. తొడఎముక గుండు, గిన్నెలో సరిగా కూర్చుండక ఒరసికొని అరిగిపోవును. కుందేలువలె వెనుకకాళ్ళు రెండును కలిపి గంతులు వేయుట, లేచుటకు తంటాలుపడుట దీని గుర్తులు. పూర్తిగా నయము కాదు గాని, బరువు తగ్గించి, నున్నని బండలమీద నడిపింపకున్నచో కుక్క చాలాకాలము పనికి వచ్చును.

ఎండదెబ్బ

కుక్కకు మనవలె ఒళ్ళంతయు చెమట పట్టదు. రొప్పుటచేతనే వేడిని వదలుకొనును. శరీరము పెద్దదైన కొలది లోపలివేడి బయటపడుట ఆలస్యమగును. మే నెలలో భూపాలపల్లి, గోదావరితీరమున ఎండ 44, 45 డిగ్రీలకు పోవునప్పుడు రేకులకొట్టములో గొలుసు కట్టిన కుక్క ఎట్లు తాళగలదు? అందునను మంచుదేశములకు చెందిన సెయింట్ బెర్నార్డు, హస్కీ కుక్కలను ఇచటకు తెచ్చి పెంచుట నా ఉద్దేశములో పొరపాటు.

కుక్క సహజపు వేడిమి 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉండును. 105 దాటినచో అపాయము. విపరీతముగా రొప్పుచు, చిగుళ్ళు ఎఱ్ఱగా కంది, తూలి పడిపోవుచున్నచో ముందు నీడకు చేర్చి, బావినీళ్ళు ఒంటినిండ పోసి, విసరుచు, తరువాతనే వైద్యశాలకు బయలుదేరవలెను. తడిగుడ్డ కప్పి వదలివేయరాదు. గుడ్డ వేడెక్కి లోపలివేడిని ఆపును. స్పృహ లేనిదానికి నోట నీళ్ళు పోయరాదు. వేసవిలో చెట్టునీడ, మట్టితొట్టిలో నీళ్ళు ఎల్లవేళల ఉండవలెను. నడక తెల్లవారుజామున మాత్రమే.

టీకాలు, నట్టలమందు

పార్వో అను నెత్తురువిరేచనముల వ్యాధి 1978లో ప్రపంచమునకు తెలిసినది. పిల్లలను రెండు మూడు దినములలో చంపును. డాబర్‌మన్, రాట్‌వీలర్ పిల్లలకు మరింత ప్రమాదము. 6 మొదలు 8 వారముల వయస్సున మొదటి టీకా వేయించి, 3, 4 వారములకొకమారు చొప్పున 16 వారములు నిండువరకు తిరిగి వేయించవలెను. ఒక్క సూదితో సరిపెట్టుకొన్న పిల్లలే ఎక్కువగా చచ్చుచున్నవి. రేబిస్ టీకా మూడు నెలలకు వేయించి, మరల వైద్యుడు చెప్పిన గడువుకు, ఆపైన ఏటేట వేయించుడు. ఆ వ్యాధి సోకి లక్షణములు కనబడిన తరువాత కుక్కకు గాని మనిషికి గాని వైద్యము లేదు.

గొల్లకురుమ సోదరులకు ఒక మాట. గొఱ్ఱెను కోసినప్పుడు నీటిబుడ్డలున్న ఊపిరితిత్తులు, కాలేయము పచ్చివి కుక్కకు వేయకుడు. వాటిలోని నట్టపురుగు కుక్కపేగులలో పెరిగి గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు మనుష్యుల కడుపులోనికి పోయినచో మన కాలేయములో కూడ అటువంటి బుడ్డలే పుట్టును. మందకు నట్టలమందు పట్టించునాడే కుక్క సంగతి కూడ వైద్యునితో ముచ్చటించుడు. దాని మందు వేరు, మోతాదు వేరు.

నడివయస్సు దాటిన తరువాత

పెద్దజాతి కుక్క ఆరేడేండ్లకే నడివయస్సు దాటినట్లు. అప్పుడు కుంటినచో ప్రతిసారి వాతమని అనుకొనరాదు. ముందుకాలి మణికట్టు దగ్గఱ, లేక భుజము దగ్గఱ గట్టి వాపు కనబడినచో ఎముక కంతి కావచ్చును. ఫొటో తీయించి చూడవలెను. డాబర్‌మన్, గ్రేట్‌డేన్ జాతులలో గుండె కండరము పలుచబడి గుండె సంచివలె సాగిపోవు జబ్బు వచ్చును. రాత్రులు దగ్గుట, కొంచెము నడిచి ఆయాసపడుట, ఉన్నట్టుండి పడిపోవుట దాని గుర్తులు. మందులతో కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా కాపాడవచ్చును.

ఈతలు మాని వయస్సు మీరిన ఆడకుక్క ఎదకు వచ్చిన నెల రెండు నెలలకు తిండి మాని, నీళ్ళు అతిగా త్రాగుచున్నచో గర్భకోశములో చీము పట్టినదేమోయని అనుమానింపవలెను. చీము బయటికి కనబడవచ్చును, కనబడకపోవచ్చును. కనబడనిదే మరింత అపాయకరము. పిల్లలు అక్కరలేనివారు శస్త్రచికిత్స చేయించినచో ఈ బాధ రాదు. కాని పెద్దజాతులలో ఏడాది నిండకముందు చేయించినచో కీళ్ళజబ్బులు పెరుగునని జర్మన్ షెపర్డులలో కనుగొనిరి. ఎముకలు ఎదిగిన తరువాత చేయించుట మేలు.

కొనునప్పుడు

పిల్లను కొనుటకు ముందు తల్లిని, వీలైనచో తండ్రిని చూడుడు. అవి నడచు తీరు చూడుడు. ఒకే తల్లి పిల్లలను తమలో తమకే దాటించి అమ్మువారున్నారు. జబ్బులన్నియు అట్టి పిల్లలలో కూడబెట్టినట్లు చేరును. 2017 నాటి కేంద్రప్రభుత్వ నిబంధనల ప్రకారము 8 వారములు నిండని పిల్లను అమ్మరాదు. కావలికి పెద్ద కుక్కయే కావలెనన్నచో కర్ణాటకలోని ముధోల్ జాతివంటి దేశవాళి కుక్కను కూడ తలపోయుడు. అది 20, 28 కిలోల నడుమ ఉండును, ఎండకు తాళును. పందులను తరుముటకు 50 కిలోల కుక్క అక్కరలేదు.

గ్రామాధికారులకు

2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కల శస్త్రచికిత్స, రేబిస్ టీకా బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచినవి. ఊరిలో వీధికుక్కలకు టీకాలు లేనప్పుడు గొలుసున కట్టిన పెంపుడుకుక్కకు కూడ రక్షణ అంతంతమాత్రమే. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినము. ఆనాడు గ్రామపంచాయతీ వద్ద టీకాల శిబిరము ఏర్పాటు చేయుమని మండల పశువైద్యుని ముందుగానే కోరుడు. పంచాయతీలో ఒక చిన్న పుస్తకము పెట్టి, ఊరిలోని పెంపుడుకుక్కల యజమాని పేరు, కుక్క వయస్సు, టీకా వేసిన తేదీ వ్రాయించుడు. కుక్క చనిపోయినప్పుడు ఏ వయస్సున, ఏ జబ్బుతో పోయినదో అదే వరుసలో చేర్చుడు. రెండు మూడేండ్లు గడచిన తరువాత ఆ పుస్తకము తెఱచి చూచినచో, ఆ ఊరిలో పిడుదులు ఎన్ని కుక్కలను తీసినవో, ఎండ ఎన్నింటిని తీసినదో వైద్యునికి, యజమానులకు తెలియును.